ఖాళీ గొట్టాలు

కొండకి ఇవతల ఒక ఊరుండేది. ఆ ఊరి మగవాళ్ళు తుపాకులు పట్టుకుని, అవతలి ఊరివాళ్ళు దాటి రాకుండా కొండ మీద కాపలా కాసేవాళ్ళు. ఆడవాళ్ళూ పిల్లలూ ఇంటి పట్టున కూర్చుని తూటాలు నింపేవాళ్ళు. పేలిపోయిన తూటాల ఇత్తడి గొట్టాలు ఖాళీగా కిందికి దిగేవి. తుపాకిమందు కూరించుకుని మళ్ళీ పైకెక్కేవి.

కొండ మొదట్లో ఉన్న మొదటి ఇంటి ఇల్లాలికి జాగ్రత్తమనిషని పేరు. వెనక వీధిలో ఒక పిల్లవాడి వేళ్ళు ఎగిరిపోయాయి. ఇంకో ఇంటి చూరు అంటుకుంది. ఈవిడ ఇంట్లో మాత్రం ఆవగింజంత పొరపాటు జరిగింది లేదు. పాలపళ్ళు ఊడుతున్న కూతురికీ, ఇంకా మాట తిరగని కొడుక్కీ పని తనే నేర్పింది.

"పొయ్యి ఆరిందా?"

"చూసొచ్చానమ్మా."

"తమ్ముడితో కబుర్లాడుతూ నింపుతావా?"

"ప్రాణం పోయినా మాట్లాడను."

పిల్లలు అంత బాగా నేర్చుకున్నారు. అయినా ఆవిడ మనసు ఒకచోట నిలిచేది కాదు. లేచి వెళ్ళి పొయ్యిలో బూడిద కదిపి చూసేది. వచ్చి పిల్లల జుట్టు వాసన చూసేది. కూర్చునేది, మళ్ళీ లేచేది. ఏదో ఒక జాగ్రత్త చెప్పడం మరిచిపోయానని లోపల ఒకటే గుబులు. అదేమిటో ఎంత తవ్వుకున్నా తట్టేది కాదు. పిల్లలు వీధిలోకి వెళ్ళినా పరిగెత్తేవాళ్ళు కారు, అడుగులో అడుగేసుకుంటూ నడిచేవాళ్ళు. "ఎంత బుద్ధిమంతులమ్మా!" అని ఇరుగుపొరుగువాళ్ళు మెచ్చుకుంటే ఆవిడ లోపలికి వెళ్ళిపోయేది.

ఒకరోజు కూతురు ఖాళీ గొట్టంలోకి ఒంటికన్నుతో చూస్తూ అడిగింది.

"అమ్మా, ఇందులో మనం పెట్టింది ఎక్కడికెళ్ళింది?"

"కొండ అవతలికి."

"అక్కడేం చేస్తుంది?"

"ఇక్కడ మీ నాన్న ప్రాణం కాస్తుంది. నోరు మూసుకుని పని చూడు."

ఆ మాట గట్టిగానే అంది. అన్నాక లేచి వెళ్ళి మళ్ళీ పొయ్యి చూసొచ్చింది.

మర్నాడు మిట్టమధ్యాహ్నం ఒక ఆడమనిషి మేకల దారమ్మట కొండ దిగి వచ్చి గుమ్మంలో నిలబడింది. చీర కట్టు అవతలివాళ్ళది. కొంగున ముడేసిన ఇత్తడి గొట్టం తీసి అరుగు మీద పెట్టింది.

"కొండ మీద రాళ్ళ సందున దొరికింది, చెల్లీ. ఇందులోది మా వైపే ఉండిపోయింది. మేకలు తోలుకెళ్ళిన మా పెద్దవాడితో పాటు దాన్నీ పూడ్చేశాం. ఖాళీది మీదే కదా, ఇచ్చిపోదామని వచ్చాను."

ఇల్లాలు ఆ మనిషి వేళ్ళకేసి చూసింది. గోళ్ళ సందుల్లో మందు నలుపు, అచ్చం తన గోళ్ళలాగే.

ఈలోగా కూతురు లేచింది. గొట్టం తీసుకుని మెత్తటి గుడ్డతో లోపలా బయటా శుభ్రంగా తుడిచింది. నిటారుగా కూర్చుని మందు గిన్నె దగ్గరికి లాక్కుంది. వచ్చినావిడ ఒక అడుగు ముందుకేసింది.

"పెద్దమ్మా, దగ్గరికి రాకు," అంది పిల్ల మర్యాదగా. "నీకేమన్నా అయితే ఎట్లా?"

ఆ మనిషి ఆగిపోయింది. "ఎంత బాగా నేర్పావు చెల్లీ," అంది. "మా పిల్లలకి నేనూ ఇట్లాగే నేర్పాను." వచ్చిన దారినే కొండెక్కి వెళ్ళిపోయింది.

ఇల్లాలు ఆవిడ కనుమరుగయ్యేదాకా చూసింది. లోపలికొచ్చి నీళ్ళ కడవ ఎత్తి మందు మీద గుమ్మరించింది.

"అమ్మా!" కూతురు కెవ్వుమంది. "నాన్న అడిగితే ఏం పంపిస్తాం?"

ఆవిడ ఖాళీ కడవ కింద పెట్టింది. పిల్ల ఏడ్చింది. అక్క ఏడవడం చూసి తమ్ముడూ ఏడ్చాడు. ఆవిడ గడపలో కూర్చుని కొండకేసి చెవులు రిక్కించింది. ఏ క్షణాన ఏ వార్త దిగుతుందోనని పొద్దు వాలేదాకా చీర చెంగు నలుపుతూనే ఉంది. కానీ ఆ సాయంత్రం ఇటునుంచి ఒక్క తూటా పేలలేదు. అటునుంచీ పేలలేదు. ఎన్నాళ్ళకో ఆవిడకి ఒళ్ళెరగని నిద్ర పట్టింది.

మెలకువ వచ్చేసరికి బారెడు పొద్దెక్కింది. పక్కలో పిల్లలు లేరు. ఆవిడ పెరట్లోకి పరిగెత్తింది.

పిల్లవాడు దూరంగా గోడవార చేతులు కట్టుకుని కూర్చున్నాడు. కూతురు నీడపట్టున చాప పరిచి, తడిసిన మందు పలచగా ఆరబోస్తోంది. ఉండకట్టినచోటల్లా ఓపిగ్గా వేలితో చిదుపుతోంది. తల్లి అడుగుల చప్పుడు విని తలెత్తి నవ్వింది.

"భయపడకమ్మా," అంది. "పొయ్యి వెలిగించలేదు."