ఆరో తూటా

మదనపల్లె వైపు బావులు తవ్వే ముఠాలో చెంగల్రాయుడనే పనివాడు ఉండేవాడు. పనిలో దిట్టే, కానీ గంజాయి తాగేవాడు, పైగా తన తెలివిని తానే మెచ్చుకునేవాడు.

పొద్దున్నే బీడీలో గంజాయి కూరి పీల్చేవాడు. వెంటనే చిక్కటి డికాక్షన్‌తో రెండు గ్లాసుల కాఫీ తాగేవాడు. "అది నిద్రపుచ్చుతాది, ఇది లేపుతాది. చెల్లుకు చెల్లు!" అనేవాడు. నిజంగానే అతని కళ్లు మెరిసేవి. నడక తూలేది కాదు. ముఠా మేస్త్రి గుర్రప్ప స్వయానా అతని అక్క మొగుడు. ఆయన కూడా కనిపెట్టలేకపోయాడు.

బావిలో రాతిపొర తగిలితే మందుగుండు తూటాలు పెట్టి పేల్చాలి. వత్తులు ముట్టించి అందరూ దూరంగా పోతారు. ఒక్కడు మాత్రం బండ చాటున కూర్చుని పేలుళ్లు లెక్కపెడతాడు. ఎన్ని తూటాలు పెడితే అన్ని గులకరాళ్లు ఒళ్లో పోసుకుని, పేలుడుకొకటి పారేయడం ఆ ముఠా పద్ధతి. రాయి మిగిలితే ఒక తూటా పేలలేదన్నమాట. మరునాటి దాకా ఎవరూ దిగరు.

ఆ రోజు ఆరు తూటాలు. లెక్క వంతు చెంగల్రాయుడిది.

"రాళ్లు ఏరుకోలేదేమిరా?" అన్నాడు గుర్రప్ప.

"రాళ్లు ముసలోళ్లకు బావా. నా బుర్ర ఎంత చురుగ్గా ఉండాదో చూడు!"

గుర్రప్ప అతని ముఖంలోకి చూశాడు. కళ్లు జోగుతుంటే పక్కకు పంపేసేవాడే. అవి మిలమిలలాడుతున్నాయి. సరేనన్నాడు.

మూడు తూటాలు పేలాయి. నాలుగోది పేలినప్పుడు ఎండలో లేచిన దుమ్మును చూసి చెంగల్రాయుడు మురిసిపోయాడు. తర్వాత ఇంకొకటి పేలింది. అంతే. అది అయిదోదని అతనికి గుర్తులేదు. గుర్తులేదన్న సంగతి కూడా తెలియలేదు.

"ఆరూ పేలినాయా?" గుర్రప్ప కేక వేశాడు.

"ఆరూ పేలినాయి బావా, దిగు!" గొంతులో ఇసుమంత తడబాటు లేదు.

గుర్రప్ప గంపలో దిగి, గడ్డపారతో రాళ్లు కదిలించాడు. ఆరో తూటా పేలింది. పెద్ద బండ అడ్డం ఉండబట్టి ప్రాణం దక్కింది.

ఆసుపత్రిలో డాక్టరు సంగతంతా విని, చెంగల్రాయుడితో అన్నాడు: "కాఫీ నిద్రను ఆపుతుందయ్యా, మత్తును కాదు. గంజాయి దెబ్బకొట్టేది జ్ఞాపకాన్ని. దాన్ని కాఫీ తిరిగి తేలేదు, ఇంకా చెడగొట్టినా చెడగొట్టవచ్చు. రెండూ కలిస్తే మనిషి మరిచిపోవడం మానడు, చురుగ్గా మరిచిపోతాడు."

నెల తర్వాత గుర్రప్ప ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాడు. చెంగల్రాయుడు ఆయన కాళ్లమీద పడ్డాడు.

"కాఫీ తాగినా కదా, తెలివిగానే ఉండాననుకున్నా బావా. తప్పయిపోయింది."

గుర్రప్ప అతని పెదవుల వంక చూశాడు. "ఏమంటా ఉండావురా? గట్టిగా చెప్పు."

చెంగల్రాయుడు ఏడుస్తూ అరిచాడు. వీధి చివర మనుషులు కూడా తిరిగి చూశారు. గుర్రప్ప మాత్రం అలాగే చూస్తూ, ఇంకోసారి చెప్పమన్నాడు.

నీతి: మేలుకొని ఉన్నంత మాత్రాన మత్తు దిగినట్టు కాదు; కనిపించే మత్తుకన్నా దాచిన మత్తే ఎక్కువ చేటు.