గవర్రాజు ఎడమ చెప్పు

"రోజూ అడుగుతూనే ఉన్నానండీ. బడెలా ఉందిరా అంటే బాగుందంటాడు. ఏడాది నుంచీ వాడి సంచీలో నీళ్ళు పోస్తున్నారట, బూరెగాడని ఏడిపిస్తున్నారట. నిన్న టీచరు ఫోన్ చేస్తేగాని నాకు తెలియలేదు. కన్నతండ్రిని, నాతో ఎందుకు చెప్పలేదు గురువుగారూ?"

అడిగినవాడు మండలాఫీసులో సీనియర్ అసిస్టెంటు గవర్రాజు. దొంగ సంతకాన్ని ఇట్టే పసిగడతాడని అతనికి పేరు. ఎనిమిదో తరగతి చదివే కొడుకు ఫణి ముఖం మాత్రం చదవలేకపోయానని అతని బాధ.

గురువు చిదంబరశాస్త్రిగారు తమ ఇంటి అరుగు మీద ఆదివారాలు గీతాపాఠం చెబుతారు. ప్రశ్నకు వెంటనే జవాబిచ్చే అలవాటు ఆయనకు లేదు. "పద, అలా నడిచొద్దాం" అని లేచారు.

మెట్ల దగ్గర గవర్రాజు కుడి చెప్పు ఒక్కటే ఉంది. అతను అటూ ఇటూ వెతకలేదు. నేరుగా పెరట్లోకి వెళ్ళి, పూలు కోసే దోటి తెచ్చి, కిటికీ పైనున్న సన్‌షేడ్ మీంచి ఎడమ చెప్పును ఒడుపుగా దించి తొడుక్కున్నాడు.

శాస్త్రిగారు చూస్తూ నిలబడ్డారు. "అక్కడుందని నీకెలా తెలుసు?"

"కాకి పెట్టి ఉంటుందండి."

"వారం వారం పెడుతుందా?"

గవర్రాజు తల వంచుకున్నాడు. "కాకి కాదండి. మన పాఠానికొచ్చే లెక్చరరుగారూ, మందులషాపు సత్తిబాబూ. ఉగాది నుంచీ ఇదే వరస. నన్ను ఒంటిచెప్పు రాజుగారంటారు."

"పాఠమయ్యాక, అంతా కులాసాయేనా అని నేను అడుగుతూనే ఉన్నాను కదయ్యా. ఒక్కనాడూ అనలేదేం?"

"చెబితే మీరు వాళ్ళని అందరి ముందూ నిలబెట్టి చీవాట్లు పెడతారు. పై వారం కుడి చెప్పు కూడా పోతుంది. లేదా, ఇంతమాత్రానికే మనసు కష్టపెట్టుకుంటావా అని నాకే ఓ శ్లోకం చెబుతారు. అదీకాక యాభయ్యేళ్ళవాణ్ణి, నా చెప్పు దాచారండీ అని మీతో..."

మాట మధ్యలోనే ఆగిపోయింది. పొద్దున తను ఫణిని కేకలేసిన సంగతి గుర్తొచ్చింది: మగపిల్లాడివి, తిరగబడలేవా? రేపే వచ్చి వాళ్ళందర్నీ హెడ్మాస్టరు ముందు నిలబెడతాను. అప్పుడు వాడు పళ్ళెంలో ఇడ్లీని ముక్కలు ముక్కలు చేస్తూ కూర్చున్నాడు.

గవర్రాజు చెవులు ఎర్రబడ్డాయి. తలెత్తి చూస్తే గురువుగారి ముఖమూ చిన్నబోయి ఉంది.

"ఇవాళ నడక వద్దులే" అన్నారాయన. "ఇంటికెళ్ళు. వాణ్ణేమీ అడక్కు. ముందు నీ చెప్పు సంగతి వాడికి చెప్పు."