ముప్పై రెండులో యాభై తొమ్మిది

మూడోసారి కూడినా దస్తగిరికి లెక్క అంతే వచ్చింది. యాభై తొమ్మిది జీబీలు. సర్వర్‌లో ఉన్న మెమరీ మాత్రం ముప్పై రెండే.

ముఖం చిట్లించాడు కానీ లెక్కను అనుమానించలేదు. బెంగుళూరులో ఎనిమిదేళ్ళు ఇదే పని చేసి వచ్చినవాడు. డేటాబేస్‌ను నడిపే నలభై ఒక్క ప్రాసెస్‌లూ తెరమీద వరసగా కనబడుతున్నాయి. ఒక్కోటి ఎంత మెమరీ వాడుతోందో దాని పక్కనే సిస్టమ్ చూపిస్తోంది. అన్నీ కూడితే యాభై తొమ్మిది. ఇందులో తప్పు పోవడానికి ఏముంది?

పెన్న ఒడ్డున ఒక చిన్న ఊళ్ళో బుర్హాన్ షా అనే సూఫీ గురువు ఆశ్రమం ఉంది. అక్కడ ఉచిత వైద్యశాల నడుస్తుంది. చుట్టూ కొండపల్లెల్లో దానికి తొమ్మిది శిబిరాలున్నాయి. ఏ పల్లెలో ఏ రోగి వచ్చినా అతని జబ్బు, వాడిన మందులు, పడని మందులు అన్నీ ఈ ఒక్క డేటాబేస్‌లోనే ఉంటాయి. నర్సు పేరు కొడితే వివరం తెరమీదికి రావాలి. నెల రోజులుగా అది రావడం లేదు. వచ్చినా, రోగి విసిగి లేచిపోయాక వస్తోంది.

రెండు నెలల కిందట శిష్యరికం కోరి వచ్చిన దస్తగిరికి గురువు ఈ సర్వర్ గదినే అప్పజెప్పాడు.

అతను ఆలోచించి ఒక కాగితం రాశాడు. మెమరీ చాలడం లేదు. దూరంగా ఉన్న నాలుగు శిబిరాల లైన్లు ఆపేస్తే మిగతా అయిదూ బాగుపడతాయి. ఆ నాలుగు ఊళ్ళ పేర్లూ రాసి, కింద గురువు సంతకానికి చోటు వదిలాడు.

మాట ఎట్లా పాకిందో, గద్దలకోన శిబిరం నుంచి నర్సు ఓబులమ్మ అప్పుడే ఫోన్ చేసింది.

"సార్, మా లైను కోసేస్తారంటనే, నిజమేనా?"

"కొన్నాళ్ళే అమ్మా, పెద్ద మెషీన్ వచ్చేదాకా. అంతవరకూ రిజిస్టర్ రాసుకోండి."

"రిజిస్టర్లో నేను రాసిందే ఉంటాది సార్. ఆడ డాక్టరు రాసింది నాకెట్ల తెలుస్తాది? మొన్న ఒగాయప్పకు పెన్సిలిన్ సూది ఎయ్యబోతి. ఎందుకో తెర సూడాలనిపిచ్చింది. పావుగంటకు తెరుసుకునింది. ఆ మందు ఆయప్పకు పడదని మూడేండ్ల కిందట మీ డాక్టరు రాసిపెట్టిండాడు. లేటయినా కూచుంటి సార్. లైనే లేకపోతే దేనికోసరం కూచునేది?"

దస్తగిరి కాగితం మీది అంకెలవైపు చూశాడు. "లెక్క అట్లా ఉందమ్మా" అన్నాడు.

కాగితం తీసుకుని గురువు దగ్గరికి వెళ్ళాడు. బుర్హాన్ షా ముసలివాడు. కంప్యూటర్ ముట్టుకుని ఎరగడు. కాగితం ఆసాంతం నిదానంగా చదివాడు.

"ఈ మెషీన్‌లో పట్టేది ముప్పై రెండు."

"అవును హజ్రత్."

"అందులో ఉన్నది యాభై తొమ్మిది."

"అవును హజ్రత్. పట్టనిది డిస్కులోకి పోతుంది."

"పోయిందా?"

దస్తగిరి తడబడ్డాడు. "పోయే ఉంటుంది."

"చూశావా?"

"చూడలేదు. అయినా ఈ అంకెలు నావి కావు హజ్రత్. సిస్టమ్ చూపించినవి. అది అబద్ధం చెప్పదు."

గురువు కాగితం మడిచి దిండు కింద పెట్టుకున్నాడు.

"భోజనాల వేళయింది. ఈ పూట సామాన్లు నువ్వు తోము. తోమే ముందు అందరినీ అడుగు, ఎవరెవరు ఎన్ని సామాన్లు పెట్టుకుని తిన్నారో. రాసి పెట్టు."

దస్తగిరికి చెవులు వేడెక్కాయి. అవతల నర్సులు తెరల ముందు పడిగాపులు కాస్తుంటే తనకు అంట్లు తోమే పనా? కానీ గురువు మాట. కాదనలేదు.

ఆ పూట భోజనానికి ఇరవై నలుగురు కూచున్నారు. అక్కడ నేలమీద పొడుగాటి గుడ్డ పరిచి నలుగురికి ఒక పెద్ద పళ్ళెం పెడతారు. నలుగురూ చుట్టూ కూచుని ఆ ఒక్క పళ్ళెంలోనే తింటారు. పప్పు గిన్నె ఒకటి, నీళ్ళ చెంబు ఒకటి, అవీ ఆ నలుగురికే. గ్లాసు మాత్రం ఎవరిది వారిదే.

తిని లేచేవాళ్ళను దస్తగిరి ఒక్కొక్కరినే అడిగాడు.

మొదటాయన వేళ్ళు మడిచాడు. "పళ్ళెం, గిన్నె, చెంబు, గ్లాసు. నాలుగు."

రెండో ఆయనా నాలుగే అన్నాడు. మూడో ఆయనా అంతే. దస్తగిరి మనసు సర్వర్ గదిలో ఉంది. చెప్పింది చెప్పినట్టు రాసుకుంటూ పోయి చివర కూడాడు. తొంభై ఆరు.

కొళాయి దగ్గర కూచుని, పీచుతో బూడిద అద్దుకుంటూ తోమాడు. కడిగినవి కడిగినట్టు బండమీద బోర్లించాడు. చివరి గ్లాసు బోర్లిస్తుండగా చేతికర్ర చప్పుడయింది. గురువు వచ్చి నిలబడ్డాడు.

"ఎన్ని రాశావు?"

"తొంభై ఆరు హజ్రత్."

"ఎన్ని కడిగావు?"

దస్తగిరి బండవైపు తిరిగి లెక్కపెట్టాడు. పళ్ళేలు ఆరు, గిన్నెలు ఆరు, చెంబులు ఆరు, గ్లాసులు ఇరవై నాలుగు.

"నలభై రెండు."

"తక్కినవి కూడా కడిగి లోపలికి పంపు."

"ఇంకేం లేవు హజ్రత్. ఉన్నవి ఇవే."

"అయితే అబద్ధం చెప్పింది ఎవరు?"

దస్తగిరి బండమీది పళ్ళేలవైపు మళ్ళీ చూశాడు. మోచేతుల మీదుగా నీళ్ళు కారుతున్నాయి.

"ఎవరూ చెప్పలేదు హజ్రత్."

గురువు తలాడించి తన గదికి వెళ్ళిపోయాడు.

దస్తగిరి చేతులైనా తుడుచుకోకుండా సర్వర్ గదికి పరిగెత్తాడు. ముందు డిస్కు చూశాడు. మెమరీలో పట్టక అక్కడికి పోయింది ఏమీ లేదు. ఒక్క చుక్క కూడా. తర్వాత ప్రాసెస్‌లను ఒక్కొక్కటే విప్పి చూశాడు. డేటాబేస్ మెమరీలో ఎనిమిది జీబీల ఉమ్మడి చోటు ఒకటి పెట్టుకుంటుంది. నలభై ఒక్కటీ అందులోంచే చదువుకుంటాయి. ఏది ఎంత మేర చదివితే అంతా దాని పేరున కనబడుతోంది. అదే చోటు, మళ్ళీ మళ్ళీ.

ఇదంతా అతనికి తెలియని విషయమేమీ కాదు. ఎప్పుడో చదివిందే.

ఉమ్మడిదాన్ని వాడుకునేవాళ్ళందరికీ పంచి, ఒక్కోదాని వాటా ఎంతో చెప్పే లెక్క ఇంకొకటి సిస్టమ్‌లోనే ఉంది. దాన్ని వెతికి పట్టుకున్నాడు. అప్పటికి సాయంత్రమై శిబిరాలు మూసేశారు. ఖాళీ వేళ తీసిన లెక్క దేనికీ పనికిరాదు. ఈసారి ఊహించి ఒక్క అంకె కూడా రాయకూడదనుకున్నాడు.

మర్నాడు శిబిరాలు తెరవకముందే వచ్చి కూచున్నాడు. ఎనిమిదింటికి నర్సులు ఒక్కొక్కరే లైన్లోకి వచ్చారు. నలభై ఒక్క వాటాలూ చదివి కూడాడు. పావుగంట ఆగి మళ్ళీ కూడాడు. ఇంకో పావుగంటకు మళ్ళీ. మూడుసార్లూ పంతొమ్మిదిన్నర దగ్గరే నిలిచింది. మొత్తం మెషీన్ చూపించే వాడకంతో పోల్చి చూశాడు. అతికినట్టు సరిపోయింది.

అంటే మెమరీకి కొరత లేదు. మరి ఈ నత్తనడక ఎందుకు?

వాటాలను పెద్దదాన్నుంచి చిన్నదానికి వరసపెట్టి చూశాడు. శిబిరాలు వాడే నలభై ప్రాసెస్‌లకూ సొంతంగా ఉన్నది, అన్నీ కలిపినా, రెండున్నర దాటలేదు. పైన ఒకే ఒక్కటి తొమ్మిది జీబీలు పట్టుకు కూచుంది. అది అయిదు నిమిషాలకోసారి రోగులందరి రికార్డులనూ మొదటి నుంచీ తోడుతోంది. తోడినంతసేపూ మిగిలినవన్నీ దాని వెనక నిలబడుతున్నాయి.

ఎవరిదా అని పేరు చూశాడు. దస్తగిరి.

నెల కిందట ఆఫీసు గోడకు అతను ఒక తెర తగిలించాడు. ఏ శిబిరానికి ఎందరు వచ్చారో రంగురంగుల గీతల్లో కనబడుతుంది. దానికి డేటా తెచ్చే ప్రోగ్రామ్ అది. ఆ తెరను రోజూ చూసేది అతనొక్కడే.

గదిలో ఇంకెవరూ లేరు. ప్రోగ్రామ్ ఆపేసి, మెషీన్ బాగయిందంటే అడిగేవాళ్ళూ లేరు.

ఆపేశాడు. తొమ్మిది జీబీలూ ఒక్కసారిగా దిగిపోయాయి. గద్దలకోనకు ఫోన్ చేశాడు.

"ఓబులమ్మా, ఏదన్నా ఒక పేరు కొట్టి చూడండి."

"కొడతాండా సార్... అబ్బ, వచ్చేసిండాదే! రెప్ప ఎయ్యలే. ఏం సార్, పెద్ద మెషీన్ వచ్చిండాదా?"

"లేదమ్మా. ఇన్నాళ్ళూ అడ్డం పడింది నేను పెట్టిన ప్రోగ్రామే. అది చూసుకోకుండా మీ లైను కోసేద్దామనుకున్నా."

"సరే సార్, ఈడ మంది కాసుకోనుండారు" అని పెట్టేసింది.

దస్తగిరి గురువు ముందుకు వెళ్ళి నిలబడ్డాడు.

"ఎంత?" అన్నాడు బుర్హాన్ షా.

"పంతొమ్మిదిన్నర హజ్రత్. అందులో తొమ్మిది నావే. తీసేశాను."

"చూశావా?"

"మూడుసార్లు చూశాను."

గురువు దిండు కింది కాగితం తీసి ఇచ్చాడు. సంతకం చోటు ఖాళీగానే ఉంది. నాలుగు ఊళ్ళ పేర్లు చూడగానే దస్తగిరి తల వాలిపోయింది.

"చించెయ్యమంటారా?"

"వెనకవైపు ఖాళీగా ఉంది కదా. అక్కడ రాయి."

అక్కడే నేలమీద కూచుని రాశాడు. ఎంత కొలిచాడో, ఎట్లా కొలిచాడో, అడ్డం పడింది ఎవరో, ఏదీ దాచకుండా రాశాడు. కింద మళ్ళీ చోటు వదిలి, కాగితం రెండు చేతులతో అందించాడు.

గురువు చదివాడు. తిప్పి మొదటివైపూ చదివాడు. కాగితం తిరిగి శిష్యుడి చేతుల్లోనే పెట్టాడు.

"నా సంతకం ఎందుకు నాయనా? రెండువైపులా ఉన్నది నీ దస్తూరే."