ఏటికి దారి

సిద్ధనగట్టు మఠాధిపతి సంగమయ్య స్వామికి ఒక వింత అలవాటు ఉండేది. పొద్దున పూజ ముగించుకుని, గొడుగు చంకన పెట్టుకుని ఊళ్ళోకి నడకకు బయల్దేరేవాడు. ఎండైనా వానైనా ఆ నడక తప్పేది కాదు. అందులో వింతేమీ లేదు, ముసలివాళ్ళు చాలామంది నడుస్తారు. వింతల్లా ఏమిటంటే, ఆ ఊళ్ళోనే పుట్టి, ఆ వీధుల్లోనే గోలీలాడి, అక్కడే తల నెరిసిన ఆ మనిషి, కనిపించినవారినల్లా ఆపి దారి అడిగేవాడు. "కుమ్మరోళ్ళ వీధికి ఎట్ల పోవాల నాయనా?" అనేవాడు. వాళ్ళు చెప్పిన దారిన బుద్ధిగా నడిచి వెళ్ళేవాడు. మర్నాడు ఇంకొకరిని పట్టుకుని మళ్ళీ కుమ్మరి వీధికే దారి అడిగేవాడు.

వెనకాల నడిచే శిష్యుడు శరభయ్యకు తల కొట్టేసినట్టుండేది. పోనీ జనం చెప్పే దారులన్నా తిన్నగా ఉండేవా అంటే, వాటికి తలా తోకా ఉండేది కాదు. బడిపంతులు స్వామిని కచేరీ వెనకనుంచి ఊరంతా చుట్టు తిప్పి పంపాడు. దగ్గర దారిలో కల్లంగడి ఉంది మరి. ఆ అంగడివాడు పంతుల్ని చూస్తే చాలు, నలుగురిలో పేరుపెట్టి మహా ఆప్యాయంగా పిలుస్తాడు. నేతపనివాడు చౌడప్ప తన అన్న గడప ఎదురుపడకుండా గడ్డివాముల సందులోంచి పొమ్మన్నాడు. ఒక చిన్నపిల్ల అయితే చింతచెట్టున్న పెరళ్ళన్నీ వరసగా చుట్టబెట్టించి, చివరికి కుమ్మరి వీధి సంగతే మరిచిపోయింది. స్వామి వీళ్ళలో ఎవరినీ కాదనలేదు, ఎవరి దారినీ దిద్దలేదు. అందరి దారులూ నడిచాడు.

ఒకసారి శరభయ్య ఉండబట్టలేక, "స్వామీ, తమకు తెలియని దారా ఇది?" అని అడిగాడు.

"నా దారి నాకు తెలుసు నాయనా. పంతులు దారి నాకెట్ల తెలుస్తుంది?" అన్నాడు స్వామి.

ఆ జవాబుతో శరభయ్యకు అంతకుముందు అర్థమైన కొంచెం కూడా పోయింది. మఠంలో వంటవాడు చాటుగా అనుకుంటున్నట్టు, పెద్దాయనకు మతి తప్పుతోందేమోనన్న అనుమానం అతనికీ మొదలైంది. ఆ అనుమానం వచ్చినందుకు తన్ను తానే తిట్టుకునేవాడు, మర్నాడు స్వామి మళ్ళీ దారి అడగ్గానే మళ్ళీ అనుమానపడేవాడు.

శరభయ్య మాత్రం సామాన్యుడా! ఊరివాళ్ళు చిన్నసామి అని పిలిచే అతను వైరాగ్యానికి పెట్టింది పేరు. తల్లి పురిట్లోనే పోతే అతన్ని సాకి పెద్దచేసింది అక్క ఈరమ్మ. ఆమె కాపురం కూడా ఆ ఊళ్ళోనే, గానుగ వీధిలో. ఒకనాడు తెల్లవారకముందే లేచి, ఆమెకు మాటమాత్రం చెప్పకుండా వచ్చి శరభయ్య మఠంలో చేరాడు. సంగతి తెలిసి ఆమె జొన్నరొట్టెలు మూటగట్టుకుని వచ్చి మఠం మెట్ల దగ్గర నిలబడితే, బయటికి రాకుండానే, "నాకు అక్కలూ లేరు, చెల్లెళ్ళూ లేరు" అని చెప్పి పంపాడు. ఆమె అరవలేదు, ఏడవలేదు. మూట మెట్టుమీద పెట్టి వెళ్ళిపోయింది. మఠంలో పెద్దలు ఆ మాటకు ఆహా అన్నారు, ఓహో అన్నారు, పుట్టు విరాగి అన్నారు. ఇల్లలకగానే పండగవుతుందా అని అడిగేవారు ఊళ్ళో లేకపోలేదు గానీ, కావిగుడ్డ కట్టినవాడితో ఆ మాట ఎవరంటారు? సంగమయ్య స్వామి మాత్రం ఆ మూట విప్పి, ఒక రొట్టె తిని, "బాగా కాల్చింది" అన్నాడు. గురువు అలా ఎందుకన్నాడో శరభయ్యకు ఎంత ఆలోచించినా తెలియలేదు.

ఇలా కొన్నేళ్ళు గడిచాయి. ఒక శివరాత్రికి ముందు, కాలినడకన శ్రీశైలం వెళ్ళే యాత్రికుల గుంపు ఒకటి మఠంలో దిగింది. ఒక పూట ఆగి, ఏరు దాటి, నల్లమల దారి పట్టాలని వారి తలంపు. అడవిదారుల గురించి, కొండమీది చలి గురించి, గుడిగంటల గురించి వాళ్ళు చెప్పుకుంటుంటే శరభయ్య నోరు తెరుచుకుని విన్నాడు. దూరపు కొండలు నునుపంటారు. అతని కళ్ళకవి నున్నగానే కాదు, తళతళలాడుతూ కూడా కనిపించాయి. మర్నాడు పూజ అయీ కాకముందే గురువు ఎదుట చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"స్వామీ, నేను ఈ ఊళ్ళో ఇంకా ఎందుకుండాలి? మీ వెంట తిరిగి తిరిగి ఇక్కడి సందుగొందులన్నీ చూశాను. చూడవలసింది ఏమీ మిగల్లేదు. తెంచుకోవలసింది అంతకన్నా లేదు. వీరితో శ్రీశైలం పోయి, అట్నుంచి అటే ఉత్తరాదికి వెళ్ళిపోతాను. ఇక తిరిగి రాను. సెలవిప్పించండి."

స్వామి అంతా విన్నాడు. మూలనున్న గొడుగు అందుకున్నాడు.

"సెలవు సంగతి తర్వాత సూద్దాం. ఏటికి దారి ఎటు నాయనా?"

ఏరంటే పెన్నేరు, మఠం మిద్దె మీదికే కనిపిస్తుంది. గాలి అటునుంచి వీస్తే ఇసుక వచ్చి విస్తట్లో పడుతుంది. ఏటిని మరిచిపోయినవాడు రేపు శివుణ్ణి మరిచిపోడా? గురువంటే శరభయ్యకు నిజంగానే ప్రేమ. ఈ స్థితిలో ఈయన్ని వదిలి పోతున్నానే అని దిగులు పట్టుకుంది. ఆ దిగుల్లోనే, పసివాణ్ణి తీసుకెళ్ళినట్టు గురువును వెంటబెట్టుకుని బయల్దేరాడు.

మఠం ముందు ఎడమకు తిరిగాడు. కచేరీ దాటాడు. సంత జరిగే మైదానం దాటి, దూదేకులవాళ్ళ ఇళ్ళ వెనకగా ఊరు విడిచి, శనగచేల గట్లమీదికి ఎక్కాడు. అక్కడినుంచి తుమ్మలు అడ్డంపడ్డ బండిబాట. స్వామికి మోకాలు నొప్పి. నాలుగడుగులు వేసి ఆగడం, గొడుగుమీద వాలి ఊపిరి పీల్చుకోవడం, మళ్ళీ కదలడం. ఎండ చురుక్కుమనసాగింది. "ఇంకా శానా దూరమా నాయనా?" అని ఆయన అడిగినప్పుడల్లా, "వచ్చేశాం స్వామీ, వచ్చేశాం" అన్నాడు శరభయ్య. మొత్తానికి వచ్చారు.

ఏరు ఆ రోజుల్లో ఎంతని? అవతలి ఒడ్డున సన్నటి నీటిపాయ, ఇవతలంతా ఇసుక. ఆ ఇసుకలో చెలమలు తోడుకుని, అడుగున ఊరే నీటిని కొబ్బరిచిప్పలతో ముంచి ఆడవాళ్ళు కడవలు నింపుకుంటున్నారు. స్వామి ఒక బండమీద కూలబడి చెమట తుడుచుకున్నాడు.

"ఏటికి ఇదేనా దారి?"

"ఇదే స్వామీ. స్నానానికి నేను రోజూ ఇట్లాగే వస్తాను."

"దినమూ?"

"దినమూ."

"మంచి కాళ్ళు నాయనా నీవి" అన్నాడు స్వామి. అది మెప్పో ఎగతాళో శరభయ్యకు బోధపడలేదు.

స్వామి చెలమల వైపు తిరిగి గొంతెత్తాడు. "అమ్మా, మఠానికి దారెట్ల?"

అప్పుడే కడవ చంకకెత్తుకున్న ఒకామె ఆగింది. ఈరమ్మ. శరభయ్య చటుక్కున ముఖం నీటివైపు తిప్పుకున్నాడు. ఆమె కూడా అతనివైపు చూడలేదు. తను చూస్తే అతని నేమం చెడుతుందని ఆమె భయం. పైట సర్దుకుని, "రాండి సామీ, నేనూ ఆ పక్కకే పోతాండా" అంది.

ఆమె ముందు, స్వామి వెనక, ఆ వెనక కాళ్ళీడ్చుకుంటూ శరభయ్య. రెండు బండల మధ్య గట్టెక్కారో లేదో, వీధి వచ్చేసింది. తెలగపిండి వాసన గుప్పుమంది. కళ్ళకు గంతలు కట్టిన ఎద్దు గానుగ చుట్టూ తిరుగుతోంది. గానుగ వీధి ఏటికి ఇంత దగ్గరా అని శరభయ్య తెల్లబోయాడు. అతను పారాడింది ఈ వీధిలోనే, నడక నేర్చింది ఈ వీధిలోనే. ఈరమ్మ తన గుమ్మం దగ్గరికి వచ్చింది. వచ్చి, ఆగకుండా, కడవ దింపకుండా ముందుకు సాగింది.

"ఏమమ్మా, నిండు కడవ మోసుకుంటా ఇల్లు దాటి పోతాండావే?" అన్నాడు స్వామి.

"మఠం కాడికి పోయి మళ్ళుకుంటా సామీ. దినమూ అంతే."

"ఎందుకమ్మా?"

ఆమె కడవను ఇంకో చంకకు మార్చుకుంది. తర్వాత చెప్పింది. "పొద్దున్నే చిన్నసామి పంచె ఉతికి మఠం గోడమీద ఆరేస్తాడు. అది కనబడితే మనిషి బాగుండాడనే కదా. సూసుకోని వచ్చేస్తా."

"పలకరిచ్చి పోరాదా మరి?"

"ఆయప్పకు అక్కలు లేరంట సామీ. లేనిదాన్ని, నేనెట్ల పలకరిచ్చేది?"

ఆమె గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఉన్నమాట చెప్పింది, అంతే. ఎత్తిపొడుపే ఉంటే శరభయ్య తట్టుకునేవాడు.

వీధి మలుపు తిరగ్గానే మఠం గోడ ఎదురైంది. దానిమీద కావిపంచె గాలికి ఊగుతోంది. ఈరమ్మ నిలబడి దాన్ని కళ్ళారా చూసుకుంది. పంచె కట్టేవాడు చేయి చాస్తే అందేటంత దూరంలో ఉన్నా, ఆమె చూసింది పంచెనే. "ఇదే సామీ మఠం" అని చెప్పి, తల వంచి, కడవతో వెనక్కి మళ్ళింది.

శరభయ్య గోడమీది పంచెను, ఆమె పోయిన వీధిని మార్చి మార్చి చూశాడు. ఊరంతా చూశానన్నాడు కదా, మరి ఈ వీధి ఎక్కడికి పోయింది? గురువు ఇటు వచ్చిన రోజుల్లో తనకు మఠంలో ప్రతిసారీ ఏదో ఒక పని ఎలా తగిలింది? ఏటికని బయల్దేరిన ప్రతి పొద్దూ ఎడమకు తిరగమని తన కాళ్ళకు ఎవరు చెప్పారు? తను చెప్పలేదు. ఆ సంగతి మాత్రం ప్రమాణం చేసి చెప్పగలడు. ఎన్నివిధాల ఆలోచించినా ఒకదానికొకటి పొసగలేదు. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుంటే అవి ఎందుకో కూడా తెలియక పంచె కొంగుతో ఒత్తుకున్నాడు.

లోపల యాత్రికులు మూటలు నెత్తికెత్తుకుంటున్నారు. హరహర మహాదేవ అంటూ ఒకరినొకరు తొందరపెట్టుకుంటున్నారు. వారి పెద్ద గుమ్మంలోకి వచ్చి, "చిన్నసామీ, వస్తావుండారా, లేదా? ఎండ ముదరకముందే ఏరు దాటాల" అన్నాడు.

శరభయ్య గురువు కాళ్ళ దగ్గర కూర్చుండిపోయాడు.

"స్వామీ, నాకేమీ అర్థం కావడం లేదు. నేను వెళ్ళాలా, వద్దా?"

స్వామి గొడుగు ముడిచి గోడకు ఆనించాడు. సంచిలోంచి విభూతి తీసి శిష్యుడి నుదుట మూడు వేళ్ళతో నిండుగా పెట్టాడు.

"పో నాయనా, ఎవరొద్దన్నారు? ఏటిదాకా మాత్రం దగ్గర దారిన పో."