గుడి జరిపిన గొర్రెలకాపరి

మబ్బు తక్కువ, గాలి ఎక్కువ అయిన ఒకానొక రాజ్యంలో సుంకన్న అనే పడుచు కాపరి ఉండేవాడు. అతని ఆస్తి మొత్తం నూట ఇరవై గొర్రెలు, ఒక గొంగడి, ఎన్నడూ తప్పని నోటి లెక్క.

అతని ఊరి చుట్టూ తొమ్మిది వేల ఆరువందల ఎకరాల గడ్డి మైదానం. అక్కడ ఏడాదికి ఎనిమిది వానలు పడితే పండగే. ఆ ఎనిమిదిలోనూ మూడు ఉరిమి వెళ్ళిపోయే రకం. గడ్డికి మాత్రం ఆ కాస్త తడి చాలు. ఒక గొర్రె ఏడాది పొడుగునా మేయాలంటే రెండెకరాలు కావాలి. ఊళ్ళో నలభై ఇళ్ళు. ఇంటికి నూట ఇరవై గొర్రెలు. ఒక్కటి ఎక్కువైనా గడ్డి ఒప్పుకోదని తాతల నాడే తేల్చుకున్నారు. అలా ఎవరి ముందూ చెయ్యి చాచకుండా బతుకుతున్నారు.

ఆ రాజ్యాన్ని ఏలే ధరాధీర మహారాజుకు సేద్యమంటే ప్రాణం. బంగారు నాగలి పట్టి దున్నుతున్నట్టు తన పటం గీయించుకున్నాడు. గీసినంతసేపూ ఆ నాగలిని వెనక నుంచి ఇద్దరు భటులు మోశారు.

మంత్రి పరాంకుశయ్య ఏటి ఒడ్డున పుట్టినవాడు. అక్కడ అయిదెకరాలుంటే ఒక సంసారం దర్జాగా వెళ్ళిపోతుంది. కాబట్టి లోకమంతా అంతేనని ఆయన నమ్మకం. ఒకరోజు రాజుచేత తాటాకు మీద శాసనం వేయించాడు.

"ఇంటికి అయిదెకరాలు. దున్నని బీడు ఖజానాది."

ఆషాఢ పున్నమి గడువు. ఖజానాకు పోయే బీడును కౌలుకు పుచ్చుకోవడానికి మంత్రిగారి బావమరిది ముందే సిద్ధంగా ఉన్నాడు. పక్క మైదానంలో మూడువందల ఎకరాలు దున్నించి మీసం దువ్వుకుంటున్నాడు కూడా.

దండోరా విని ఊరు గొల్లుమంది. సుంకన్న అవ్వ గిడ్డమ్మ మనవణ్ణి పిలిచి, "ఒరేయ్ సుంకా, నోరూ లెక్కా రెండూ ఉన్నది ఈ ఊళ్ళో నీకొక్కడికేరా. పోయి రాజుకు చెప్పిరా" అంది.

"వింటాడంటావా అవ్వా?"

"వినకపోతే వినిపించి రా."

సుంకన్న గొంగడి భుజాన వేసుకుని సభకు వెళ్ళాడు. దండం పెట్టి, "ప్రభూ, తమరిచ్చిన అయిదెకరాలలో రెండున్నర గొర్రెలు మేస్తాయి. ఆ అర గొర్రె గురించే సందేహం. ముందు సగాన్ని ఉంచుకోమంటారా, వెనక సగాన్నా? వెనక సగమైతే మేత ఖర్చు ఉండదు" అన్నాడు.

సభలో కొందరికి దగ్గు వచ్చింది. మంత్రికి కోపం వచ్చింది.

"మూర్ఖుడా! మేపడం మాను, దున్నడం నేర్చుకో. నాగలి వెళ్ళిన చోటికల్లా వాన నడిచి వస్తుంది. ఇది శాస్త్రం!"

"ఆ శాస్త్రం ఎక్కడ కూర్చుని రాశారండీ?"

"మా ఊళ్ళో, ఏటి ఒడ్డున."

"అదీ సంగతి. మా వైపు వాన వెనక నాగలి పోతుందండి. తమ వైపు నాగలి వెనక వాన వస్తుందన్నమాట. గొప్పింటి వాన!"

రాజు సింహాసనం మీద చరిచాడు. "వాగుడు చాలు. ఒక్క మాటలో చెప్పు. దున్నుతావా, దున్నవా?"

"దున్నను" అన్నాడు సుంకన్న.

భటులు కత్తుల మీద చేతులు వేశారు.

"మాట పూర్తి కానివ్వండి ప్రభూ! దున్నను తోలుకొస్తాను, నాగలి కడతాను, తమ ఆజ్ఞ ప్రకారం అయిదెకరాలూ దున్నుతాను."

రాజు మీసాల చాటున నవ్వు దాచుకుని, "సరే, దున్ను" అన్నాడు.

"మంత్రిగారు చెప్పినట్టు ఏటి ఒడ్డు పద్ధతిలోనే దున్నుతాను. ఎన్నిసార్లు దున్నమంటారు?"

"నాలుగుసార్లు. మట్టి పిండిలా కావాలి" అన్నాడు మంత్రి.

"చిత్తం. పట్టా మాత్రం ప్రభువులే వేంచేసి స్వహస్తాలతో ఇవ్వాలి. ఇంకొక్క మనవి. పక్కనే మంత్రిగారి బావమరిది ఉంటారు. రేపు ఆయన నా నేల పిడికెడు అటు జరుపుకుంటే నా గతేమిటి?"

రాజు ఛాతీ విరుచుకున్నాడు. "నా రాజ్యంలో పట్టా నేల పిడికెడు ఎవరి దగ్గర దొరికినా, ఆ పట్టా నేలంతటికీ వందింతలు బదులివ్వాలి. నేనైనా సరే!"

"అది కూడా తాటాకు మీద పడితే బాగుంటుంది ప్రభూ."

పడింది.

ఊరికి తిరిగొచ్చిన సుంకన్న మైదానమంతా కలియదిరిగాడు. ఒక దిబ్బ చూశాడు. రాజుగారి గుడారం వేయడానికి అంతకంటే మంచి చోటు లేదు. ఆ దిబ్బకు సరిగ్గా పడమట అయిదెకరాలు కొలుచుకున్నాడు. ఆషాఢంలో అక్కడ గాలి పడమటి నుంచే వీస్తుంది. ఆ సంగతి ఊళ్ళో గొర్రెపిల్లలకు కూడా తెలుసు. ఏటి ఒడ్డు మంత్రికి తెలియదు.

దున్న కదిలింది. నాగలి కింద వందల ఏళ్ళ గడ్డి వేళ్ళు పటపటా తెగాయి. గట్టున కూర్చున్న గిడ్డమ్మ కళ్ళొత్తుకుంది.

"నేల తోలు ఒలుస్తున్నావురా సుంకా. ఈ గడ్డి మళ్ళీ నా కంటికి కనబడదు."

సుంకన్న చాలు ఆపకుండానే అన్నాడు. "అయిదెకరాలే అవ్వా. మిగతా తొమ్మిది వేల అయిదువందల తొంభై అయిదు దక్కడానికి."

గడువు నాటికి నాలుగుసార్లు దున్నేశాడు. మట్టి జల్లెడ పట్టిన పిండిలా తయారయింది.

రాజు పరివారంతో వచ్చాడు. దుక్కి చూసి మురిసిపోయాడు. "చూశావా పరాంకుశయ్యా, గొర్రెలకాపరిని రైతును చేశాను!" అంటూ పట్టా సుంకన్న చేతిలో పెట్టాడు. సుంకన్న దాన్ని కళ్ళకద్దుకుని మొలలో దోపుకున్నాడు. ఆ తర్వాతే విస్తళ్ళు వేశారు.

రాజు పాయసం గిన్నె నోటి దగ్గరకు ఎత్తేసరికి పడమటి గాలి లేచింది.

ముందు ఒక ఎర్రటి తెర. తర్వాత గోడ. గుడారం బుస్సున ఉబ్బింది. విస్తళ్ళు ఎగిరాయి. గొడుగు పట్టిన భటుడు గొడుగుతో పాటు నాలుగు బారలు పరుగెత్తాడు. గాలి తగ్గాక చూస్తే రాజూ మంత్రీ ఒకే రంగులో ఉన్నారు. ఎవరు ఎవరో కిరీటాన్ని బట్టి గుర్తుపట్టాల్సి వచ్చింది.

రాజు తుపుక్కున ఉమ్మి, "ఓరీ! నా నోట్లో మట్టి కొడతావా?" అని గర్జించాడు.

"అపచారం ప్రభూ! అది మా నోట్లో కొట్టమని తమరు శాసనం వేసిన మట్టే. గాలి దారి తప్పి తమ నోట్లో పడింది."

అంటూనే సుంకన్న మొలలోంచి పట్టా తీశాడు.

"పైగా ఇది మామూలు మట్టి కాదు, నా పట్టా నేల. తమ పాయసంలో అరసోలెడు ఉంది. కిరీటంలో గిద్దెడు ఉంది. మీసాల్లో ఉన్నది కొలతకు అందడం లేదు. తమరు నా భూమి ఆక్రమించుకున్నారు ప్రభూ!"

"గాలికి లేచిన దుమ్ము భూమి ఎలా అవుతుందిరా?" మంత్రి కళ్ళు నులుముకుంటూ అరిచాడు.

"మరి భూమి అంటే ఏమిటి మంత్రిగారూ? మట్టి పోయాక మిగిలే రాయా? రాయికి పట్టా ఎందుకండీ? ఇంతకీ నాలుగుసార్లు దున్నాను, తమ వాన ఏదీ? దారిలో ఉందా?"

మంత్రి నోరు తెరిచి, మట్టి పడుతుందని మూసేశాడు.

సుంకన్న గొంతు తగ్గించాడు. "ప్రభూ, ఇది అయిదెకరాల దుమ్ము. మైదానమంతా దున్నితే దీనికి వెయ్యిన్నీ తొమ్మిదివందల ఇరవై రెట్లు. అప్పుడది ఈ దిబ్బ దగ్గర ఆగదు. రాజధాని మాకు తూర్పునే ఉంది. ఇక్కడ గొర్రె ఉండదు, గడ్డి ఉండదు. నలభై ఇళ్ళవాళ్ళమూ ఆ దుమ్ము వెనకే నడిచి తమ వాకిటికి బిచ్చానికి వస్తాం."

రాజు దుక్కి వైపు చూశాడు. మీసం తడుముకున్నాడు. అందులోంచి ఇంకా నేల రాలుతోంది.

"నా మాట ప్రకారం వందింతలు నీకు బాకీ పడ్డాను. అయిదువందల ఎకరాలు. కోరుకో."

"ఎకరాలు వద్దు ప్రభూ. ఒక్క గుడి జరిపించండి చాలు."

"గుడా? ఈ మైదానంలో గుడి ఎక్కడుంది?"

"తమ శాసనంలో ఉంది. 'దున్నని బీడు ఖజానాది' అన్నారు. అందులో 'దున్నని' చివరి అక్షరం మీది గుడిని దాని ముందరి అక్షరం మీదికి జరిపించండి."

రాజు తాటాకు తెప్పించి, వేలితో గుడిని జరిపి చదువుకున్నాడు.

"దున్నిన బీడు ఖజానాది."

రాజు పకపకా నవ్వాడు. నవ్విన కొద్దీ మట్టి రాలింది. రాలిన కొద్దీ మళ్ళీ నవ్వు వచ్చింది. "పరాంకుశయ్యా, నీ చేత్తోనే దిద్దు. పై మాట కూడా కొట్టేసి 'గొర్రెకు రెండెకరాలు' అని వెయ్యి" అన్నాడు.

మంత్రి గంటం పట్టాడు.

"మరి నీ అయిదెకరాలూ పోతాయి కదరా సుంకన్నా?" అన్నాడు రాజు.

సుంకన్న పట్టా తిరిగి ఇచ్చేశాడు. "పోనివ్వండి ప్రభూ. మళ్ళీ గడ్డి పట్టేదాకా కాపలా ఖజానావారిదే."

రాజు తన ముత్యాలహారం తీసి, దులిపి, అతని మెడలో వేశాడు. బీళ్ళన్నిటినీ కొలిచే అధికారం కూడా ఇచ్చాడు. "ఎక్కడి నుంచి మొదలుపెడతావు?"

సుంకన్న కొలతతాడు విప్పి, ఒక కొస రెండు చేతులా మంత్రికి అందించాడు.

"ఇది గట్టిగా పట్టుకోండి మంత్రిగారూ. పక్క మైదానంలో ఎవరో మూడువందల ఎకరాల బీడు దున్నేశారట. రండి, ముందు అక్కడికి పోదాం."