ఎనభై ఏడో నంబరు

నా మనవరాలు లాస్య నా కథలు వినడం మానేసింది.

ఇదేదో చిన్న విషయం అనుకోకండి. నేను మైలపల్లి దానయ్యని. వైజాగ్ హార్బరులో ముప్పై నాలుగేళ్లు టగ్గు నడిపిన సారంగుని. కొండంత ఓడలకి తాడు కట్టి మేకపిల్లల్లా రేవులోకి లాక్కొచ్చినవాణ్ని. నేను కథ మొదలెడితే టీ కొట్టులో టీలు చల్లారిపోయేవి. ఒడ్డుకొచ్చిన కెరటం వెనక్కి పోవడం మర్చిపోయేది. అలాంటి నన్ను పట్టుకుని పన్నెండేళ్ల పిల్ల, "ఉండు తాతా, ఈ పేజీ అయ్యాక" అంది.

వారం గడిచింది. ఆ పేజీ అవలేదు.

దాని చేతిలో అమెరికా కామిక్సు. అందులో పొగలా మారిపోయే మనిషి ఒకడున్నాడు. తాళం కన్నంలోంచి దూరతాడు. దొంగల ముక్కులోకి పోయి తుమ్మిస్తాడు.

"ఎవడే వీడు?" అని అడిగాను.

"అదంతా పెద్ద కథ తాతా. నీకు తెలీదులే."

నాకు తెలీదట! వేసవి సెలవులవగానే పిల్ల హాస్టలుకి పోతుంది. ఈలోగా ఆ పొగమనిషిని నేను జయించకపోతే, ఇంక దాని లెక్కలో తాత అంటే కుర్చీలో ఉండే ఒక సామాను. అందుకని అమెరికా వాళ్లు వేసిన బొమ్మల పుస్తకాలన్నీ వారంలో నమిలేస్తానని వీధిలో నలుగురి ముందూ ప్రకటించి, ఖాదర్ వలీ గారి దగ్గరికి బయల్దేరాను.

వలీ గారిది పూర్ణా మార్కెట్ దగ్గర మెట్ల కింద పాత పుస్తకాల దుకాణం. ఓడల మీద వచ్చేవాళ్లు చదివి వదిలేసిన కామిక్సులు నలభై ఏళ్లుగా ఆ మెట్ల కిందికే చేరుతున్నాయి. వాటి రుచి మరిగిన వాళ్లందరికీ ఆయనే గురువు. రోజుకి పది మాటలు మాట్లాడతారు. అందులో నాలుగు టీ చెప్పడానికే.

"గురువుగారూ, నన్ను శిష్యుడిగా తీసుకోండి" అన్నాను.

ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి, గుట్టలోంచి ఒక పొగమనిషి పుస్తకం లాగి ఇచ్చారు. అట్ట మీద నంబరు చూశాను. ఎనభై ఏడు.

"మధ్యలో ఎక్కే మనిషిని కాదండీ నేను. ఒకటో నంబరు ఇవ్వండి."

"లేదు."

"ఎక్కడుంటుంది?"

"అమెరికాలో."

సరే, ఎనభై ఏడే తీసుకున్నాను. రెండు బొమ్మలు చదివాను. మూడో బొమ్మ దగ్గర ఒక నక్షత్రం గుర్తు. అడుగున చీమ తలకాయంత అక్షరాలతో, ఈ దుర్మార్గుడి సంగతికి అరవై రెండో నంబరు చూడండి అని రాసుంది.

చూడమన్నాక చూడకుండా ముందుకి పోయే రకమా నేను? పుస్తకం మూసేశాను. మర్నాడు వెళ్లి అరవై రెండు తెచ్చాను. అందులో రెండో బొమ్మలోనే మళ్లీ నక్షత్రం. నలభై ఒకటి చూడమంది. దాని కోసం వైజాగంతా జల్లెడ పట్టి, గాజువాకలో ఒక మంగలి షాపులో దొరికితే, అక్కర్లేని క్రాపు చేయించుకుని మరీ తెచ్చాను. ఆ నలభై ఒకటి, పంతొమ్మిది చూడమంది. అంతేకాదు, ఇంకెవరో ఇనపరెక్కల ఆవిడ పుస్తకంలో ఎనిమిదో నంబరు కూడా చూడాలంది. ఆవిడెవరో, ఈ గొడవలోకి ఎందుకొచ్చిందో!

నేను బెదరలేదు. పాత నౌకాపటం వెనక్కి తిప్పి, ఏ నంబరు ఏ నంబరుని చూడమందో గీతలు గీయడం మొదలెట్టాను. తుఫాన్లలో దారి కనిపెట్టిన బుర్ర ఇది. నెల రోజుల్లో పటం నిండిపోయింది. ప్రపంచంలో అలాంటి పటం ఇంకోటి లేదని ఇప్పటికీ పందెం కాస్తాను.

చదివింది మాత్రం పదకొండు బొమ్మలు.

"నువ్వు ఏ నంబరు నుంచి మొదలెట్టావే?" అని లాస్యని అడిగాను.

"ఏమో తాతా. నాకిచ్చినదానికి అట్ట లేదు."

అట్ట లేదట! ఇదీ ఒక చదువా అనుకున్నాను. కానీ అది అప్పటికే హాస్టలుకి పెట్టె సర్దుకుంటోంది. ఇంక పన్నెండు రోజులే.

ఆ సాయంత్రం పటం చంకన పెట్టుకుని వలీ గారి దగ్గరికి వెళ్లి మొత్తుకున్నాను. "గురువుగారూ, ఈ కథకి మొదలు లేదు. ఉన్నా, నా ఆయుష్షులో దొరకదు."

ఆయన పటం వంక ఒకసారి చూశారు. "టీ వస్తోంది సారంగు గారూ. ఈలోగా మీ కథ ఒకటి చెప్పండి."

నెల పైనే అయింది నన్ను ఆ మాట ఎవరైనా అడిగి! అక్కడ పుస్తకాలు తిరగేస్తున్న ఇద్దరు కాలేజీ అమ్మాయిలు తలలెత్తారు. టీ గ్లాసులతో వచ్చిన అప్పలకొండ అలాగే నిలబడిపోయాడు. నేను లుంగీ ఎగ్గట్టాను.

"తాడు తెగింది!" అని అరిచాను. నా కథలన్నీ అలాగే మొదలవుతాయి.

వలీ గారు వేలెత్తారు. "ఏ తాడు?"

"టగ్గు తాడండీ. గ్రీకు ఓడని లాగుతున్నాం. గాలివాన. తాడు తెగేసరికి నేను..."

"ఆ తాడు ఎక్కడ పేనారు?"

"కొచ్చిన్లో కాబోలు. తెగిందంటున్నాను కదండీ! నేను ఒక్క దూకు దూకి..."

"ఆ ఓడ మొదటిసారి ఏ రేవు నుంచి బయల్దేరింది?"

"నాకేం తెలుసండీ! నీళ్లలోకి దూకి, ఏనుగు తొండమంత తాడు, దాని కొస పళ్లతో పట్టుకుని..."

"ఆ పళ్లు మీకు ఏ వయసులో వచ్చాయి?"

అమ్మాయిలు కిసుక్కున నవ్వారు. అప్పలకొండ ఆగలేకపోయాడు. "వలీ బాబూ, నీకు దండం పెడతాను. ముందు మా సారంగుని నీళ్లలోంచి పైకి రానీ! మునిగిపోతన్నాడు!"

నాకు ఒళ్లు మండిపోయింది. "అవన్నీ పోనుపోనూ తెలుస్తాయండీ! తెలీకపోతే కొంప మునగదు! తాడు తెగింది, మనిషి నీళ్లలో ఉన్నాడు. వినేవాడికి అది చాలదా?"



వలీ గారు నా చంకలోంచి పటం తీసుకున్నారు. నాలుగు మడతలు పెట్టి, ఊగుతున్న టీ బల్ల కోడు కింద దోపారు. బల్ల ఊగడం మానేసింది. తర్వాత నా సంచిలోంచి ఎనభై ఏడో నంబరు తీసి మొదటి పేజీ తెరిచారు.

ఆ పేజీ నేను చూడనిది కాదు. పెద్ద వంతెన. దాని మీంచి తాడుకి వేలాడుతున్న ఒక మనిషి. పొగమనిషి గబగబా కిందికి దిగుతున్నాడు గానీ, పొగకి చేతులెక్కడివి, పట్టుకోడానికి?

వలీ గారు ఆ మనిషి తల పైన తాడు మీద వేలు పెట్టారు.

"ఇక్కడా తెగింది" అన్నారు. టీ అందుకున్నారు.

ఇంటికొచ్చి బాల్కనీలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. పుస్తకం తెరిచాను. మూడో బొమ్మ అడుగున నక్షత్రం మెరుస్తోంది. దాని మీద నా బొటనవేలు పెట్టాను. ఓడల్ని ఆపిన వేలు అది. నక్షత్రం ఏపాటి!

సగం పుస్తకం అయ్యేసరికి లాస్య వచ్చి నా భుజం మీంచి తొంగి చూసింది.

"అయ్యో, ఇదా! తాతా, ఆ నల్లకోటు వాడెవడో నీకు తెలుసా?"

అరవై ఎనిమిదేళ్లలో ఎన్నడూ అనని మాట ఒకటి నా నోట్లోంచి వచ్చింది.

"తెలీదు."

అది సర్దుతున్న బట్టలు అక్కడే పడేసి, స్టూలు లాక్కుని నా మోకాలికి ఆనుకుని కూర్చుంది.

"చెప్పనా?"

"చెప్పు" అన్నాను.