ఇసుకీగ పాట ఎటు పోయింది

ఒకప్పుడు ఇసుకీగకు పాట వచ్చేది. ఇప్పుడు చెబితే ఎవరూ నమ్మరు గానీ, అది ఉండే వాగు పొడవునా అంత తియ్యగా పాడేవాళ్లు ఇంకొకరు లేరు. దోమ కూడా దాని దగ్గరే పాట నేర్చుకుంది. ఎంత బాగా నేర్చుకుందో మీకు తెలుసు కదా, రోజూ చెవి దగ్గర వింటూనే ఉన్నారు.

ఇసుకీగ నువ్వుగింజంత కూడా ఉండేది కాదు. ఒళ్లంతా నూగు. దాని పాట నోట్లోంచి వచ్చేది కాదు, రెక్కల్లోంచి వచ్చేది. రెక్కలు జోరుగా ఆడిస్తే ఒక్క ఊపున వాగు దాటేది. ఎగిరినంతసేపూ పాటే.

ఆకుల రసం తాగి, ఇసుకలో పడుకుని హాయిగా బతికేది. గుడ్లు పెట్టే ముందు మాత్రం దానికి ఒక చుక్క నెత్తురు కావాలి. అది లేకపోతే గుడ్లు ఎదగవు. అప్పుడు పొద్దుగూకే వేళ వాగు పక్కనే ఉన్న సుంకులమ్మ ఇంటికి వెళ్లేది.

సుంకులమ్మది మట్టిగోడల ఇల్లు. ఆమెకు ఒక్కడే కొడుకు, ఓబులేసు. అప్పుడప్పుడే గోడ పట్టుకుని అడుగులు వేస్తున్నాడు. పాట దూరాన ఉండగానే వాడు చప్పట్లు కొట్టేవాడు.

"వస్తాండావా ఈగమ్మా, రా" అని సుంకులమ్మ చెయ్యి చాచేది.

ఈగ ఒక చుక్క తీసుకునేది. దానికి బదులుగా ఓబులేసు నిద్రపోయేదాకా పాడేది. వాడు నిద్రలో నవ్వితే తన పిల్లలే నవ్వినట్టు మురిసిపోయేది.

ఆ వైపు పల్లెల్లో ఒక మర్యాద ఉంది. ఎవరైనా ఊరికి బయలుదేరితే, "ఆ దోవనే పోతాండావు కద, ఈ మూట మా వాళ్లకిచ్చిపో" అని అడుగుతారు. అడిగితే కాదనకూడదు. మూట విప్పి చూడకూడదు. సుంకులమ్మ ఇంట్లో ఇది చూసి ఇసుకీగ కూడా నేర్చుకుంది. ఒక పువ్వు ఇంకో పువ్వుకు పంపిన పుప్పొడి, చీమ తన చెల్లెలికి పంపిన బెల్లపు పలుకు, అన్నీ మోసేది. ఒక్కనాడు కూడా విప్పి చూడలేదని అందరికీ గొప్పగా చెప్పుకునేది. ఆ గొప్పే దాని కొంప ముంచింది.

శెనక్కాయలు పీకే కాలం వచ్చింది. సుంకులమ్మ కొడుకును చంకనేసుకుని చేనికి పోయింది, చీకటి పడుతున్నా రాలేదు. ఇసుకీగకు కడుపులో గుడ్లు తొందరపెడుతున్నాయి. అది వాగు దాటి గొర్రెల దొడ్డి దగ్గరికి పోయింది. అక్కడ ఒక ముసలి కుక్క పడుకుని ఉంది. వెంట్రుకలు రాలిపోయి, చర్మం పొట్టు లేచి, చూస్తేనే జాలేసేలా ఉంది.

"తాతా, ఒక్క చుక్క నెత్తురిస్తావా?" అంది ఈగ.

"వద్దమ్మా. నా ఒంట్లో ఎవరో చేరినారు. తిన్నది ఒంటికి పట్టడం లేదు. ఇంకో చోట చూసుకో" అంది కుక్క.

"ఇంకో చోట చూసేంత ఓపిక లేదు తాతా" అంటూ ఈగ వాలింది. చుక్క తాగింది.

తాగీ తాగగానే లోపలి నుంచి ఒక సన్నని గొంతు వినిపించింది. అది కంటికి కానరాని పురుగు గొంతు.

"అక్కా, యాడికి పోతాండావు?"

"వాగవతలికి."

"నాకు కాళ్లు లేవు, రెక్కలు లేవు. నన్ను కూడా ఆ ఒడ్డుకు తీసుకపో. నీకు పుణ్యముంటుంది."

కుక్క తల ఎత్తింది. "ఎవరో, ఏమి పనిమీద పోతాండాడో కనుక్కో తల్లీ" అంది.

"మూట విప్పి చూడడం మా ఇంటా వంటా లేదు తాతా" అంది ఈగ.

కుక్క మళ్లీ తల వాల్చేసింది. దానికి వాదించే శక్తి లేదు.

దారిలో ఆ పురుగు ఒకటి రెండయింది, రెండు నాలుగయ్యాయి. ఈగకు ఒళ్లు బరువెక్కింది. వాగు ఇసుకలో ఆగి ఆగి, గుడ్లు అక్కడే పెట్టి, కొన్నాళ్లకు సుంకులమ్మ ఇంటికి చేరింది.

"ఇన్ని దినాలు యాడికి పోయినావే? వీడు నీకోసం ఒకటే పోరు" అంది సుంకులమ్మ. ఆమె చేతులు పిండిలో ఉన్నాయి. ఓబులేసు తన బుజ్జి చెయ్యి తనే చాచాడు.

మళ్లీ గుడ్ల వేళ వచ్చింది మరి. ఇసుకీగ ఆ చేతి మీద వాలింది.

"దిగాల్సింది ఇక్కడే అక్కా" అంది పురుగు. ముల్లు గుచ్చుకున్నంతసేపట్లో దిగిపోయింది. ఈగకు ఒళ్లు తేలికయింది. ఆ పూట అది పాడినంత బాగా ఎన్నడూ పాడలేదు.

కొన్నాళ్లకు ఓబులేసుకు జ్వరం వచ్చింది. తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చింది. కాళ్లూ చేతులూ పుల్లలయ్యాయి, పొట్ట మాత్రం కుండలా ఉబ్బింది. ఒంటి రంగు నల్లబడింది. సుంకులమ్మ వాడిని ఎత్తుకుని ఎక్కని గడప లేదు. పొద్దుగూకితే ఈగ వాడి పక్కన కూర్చుని పాడేది. పాపం, అదే వాడికి మందనుకుంది.

ఒకరోజు దాని కడుపులో మిగిలిన పురుగులు మాట్లాడుకోవడం వినిపించింది. "మావోడికి ఈ పిల్లోడి కడుపు భలే కుదిరిందంట. మనమూ ఇట్లాంటిదొకటి చూసుకోవల్ల" అంటున్నాయి.

ఈగ పాట ఆగిపోయింది. తను మోసుకొచ్చింది ఏమిటో అప్పుడు తెలిసింది. కుక్క మాట వినుంటే ఎంత బాగుండేదని ఏడ్చింది. ఏడిస్తే ఏమొస్తుంది?

చలి ముదిరిన రోజుల్లో ఓబులేసు చనిపోయాడు.

ఈగ దాచలేదు. సుంకులమ్మ ముందు వాలి, కుక్క దగ్గర మొదలుపెట్టి అంతా చెప్పింది. సుంకులమ్మ అరవలేదు, కొట్టలేదు. ఖాళీ ఉయ్యాలను తాడు విప్పి కిందికి దించింది.

"నీ పాట వింటే నా బిడ్డ నవ్వేటోడు" అంది. "ఇంక ఆ పాట నా చెవిన పడనీకు. నేను తట్టుకోలేను."

"అట్లే అక్కా" అంది ఈగ.

పాట రెక్కల్లో ఉంది కాబట్టి రెక్కల జోరు తగ్గించుకుంది. జోరు తగ్గాక ఎగరడమూ పోయింది, గెంతడమే మిగిలింది. ఎవరికీ ముఖం చూపించలేక గోడ పగుల్లో దూరింది. క్షమించమని రెండు రెక్కలూ పైకెత్తింది, మళ్లీ దించలేదు.

కానీ ఏళ్లు గడిచినా గుడ్లకు ఆ గోడు తెలియదు. వాటి వేళకు అవి వచ్చాయి. పొద్దుగూకాక ఈగ పగుల్లోంచి గెంతుకుంటూ బయటికి వచ్చింది. అప్పటికి సుంకులమ్మ ఒళ్లో ఇంకో బిడ్డ ఉంది, ఆడపిల్ల. సుంకులమ్మ వీధిలోకి చూస్తోంది. పాట ఉంటే వినేది, కొంగు కప్పేది. ఇప్పుడు ఏం వింటుంది?

"బిడ్డను కప్పుకో అక్కా" అని అరవాలనుకుంది ఈగ. రెక్కలు వణికాయి గానీ చప్పుడు రాలేదు. కడుపులో గుడ్లు ఆగనివ్వలేదు, వాలింది.

బిడ్డ కెవ్వుమంది. సుంకులమ్మ కిందికి చూసింది. చేతి మీద చిన్న ఎర్రని చుక్క, పక్కన రెక్కలెత్తుకుని నిలబడ్డ ఈగ.

"నేనెంత పని చేసుకున్నానే" అంది సుంకులమ్మ. "పాడొద్దన్నది నేనే కద."

ఆమె మర్నాడే ఎర్రమట్టి తొక్కి, గోడలో ఒక్క పగులు లేకుండా మెత్తింది. పొద్దుగూకితే బిడ్డను నిండుగా కప్పింది. ఆ ఒక్క కాటులో పురుగు దిగలేదేమో, ఆ బిడ్డ బతికింది. ఈగ మాత్రం ఇంకో గోడ వెతుక్కుంటూ పోయింది.

అప్పటినుంచే ఇసుకీగ రెక్కలు పైకెత్తి, పగుళ్లలో దాక్కుని, చీకటి పడ్డాక చప్పుడు లేకుండా గెంతుకుంటూ వస్తుంది. అప్పటినుంచే మట్టి ఇళ్లలో తల్లులు పగులు కనిపిస్తే పూడ్చేదాకా నిద్రపోరు. ఆ పని చేస్తూ చేస్తూ ఒక్కోసారి ఆగి, గోడకు చెవి ఆనించి వింటారు. లోపల ఏమీ వినిపించదు.